సవరణ: పియానో స్టీరియో గురించి మొన్న తప్పు చెప్పిన

మొన్నటి పోస్టుల పియానో ట్రాక్ కాపీ చేసి ఒకటి ఫుల్ లెఫ్ట్‌కి, ఒకటి ఫుల్ రైట్‌కి పెట్టి, రైట్ దాన్ని 10 మిల్లీసెకన్లు లేట్ చేస్తే అసలు పియానో లెక్క స్టీరియో వస్తదని రాసిన, అది తప్పు, గట్ల చేసినోళ్లు తీసేయుండ్రి. హెడ్‌ఫోన్లల్ల మంచిగనే వినిపిస్తది, కానీ ఆదివారం మిర్యాలగూడల ఒక ఫంక్షన్ హాల్ల బాక్సులు మోనోల (లెఫ్ట్, రైట్ రెండూ కలిపి ఒక్కటే సౌండ్ లెక్క) నడుస్తున్నయి, పియానో రేకు డబ్బా లెక్క మోగింది, పాడే పిల్ల నా దిక్కు తిరిగి చూసింది. రెండు ట్రాకులు కలిస్తే 50, 150, 250 హెర్ట్జ్, ఇట్ల ప్రతి 100కి ఒక కాడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, ఎడమ చేతితోని వాయించే బాసు బరువంతా ఆడనే పోతది.

చానా శాంపిల్ పియానోలల్ల (అసలు పియానోని రికార్డు చేసి కీబోర్డుతోని వాయించే సౌండ్లల్ల) క్లోజ్ మైకులు (పియానో దగ్గర పెట్టినయి), రూమ్ మైకులు (దూరం పెట్టి గది మోత పట్టినయి) వేర్వేరుగ ఇస్తరు, నిజం మైకులతోని పట్టిన స్టీరియో అండ్లనే ఉంటది, మళ్ల మనం పుట్టించుడు అక్కర్లే. ప్లేయర్ పొజిషన్ల (వాయించేటోళ్లు కూసున్న కాడ నుంచి విన్నట్టు పెడితే) బాసు ఎడమకి, ట్రెబుల్ కుడికి వస్తది. సోలో అయితే వెడల్పు ఉంచుండ్రి, బ్యాండుతోని అయితే సగానికి తగ్గించుండ్రి, లేకుంటే స్కేలు పైకి వాయిస్తే పియానో స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి ఉరికినట్టు ఉంటది. హాలుకి పోయే ముందు మాస్టర్‌ని (అన్ని ట్రాకులు కలిసిన ఆఖరి సౌండ్‌ని) మోనో చేసి ఒకసారి వినుండ్రి, నేనైతే రూమ్ మైకులు బంద్ చేసి క్లోజ్ ఒక్కటే ఉంచినంక ఎడమ చెయ్యి మళ్ల వినవడ్డది.