చీటీలో బ్రాండు, బిల్లులో బరువు

గుంటూరు కొత్తపేటలోనైనా, బెజవాడ సూర్యారావుపేటలోనైనా అదే బాధ. డాక్టరు రాసిన బ్రాండు ఆ ఆసుపత్రి కింది మందుల షాపులోనే దొరుకుతుంది. వేరే కంపెనీది ఇమ్మంటే షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు, మార్చి ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. బ్రాండు బదులు మందు అసలు పేరు రాస్తే ఈ తిప్పలుండవు కదా!

షాపు ముందు '20 శాతం తగ్గింపు' బోర్డు చూసి మురిసిపోకండి. ధరల నియంత్రణ జాబితాలో లేని మందుకు ఎమ్మార్పీ కంపెనీ ఇష్టం, పైగా ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. ఎక్కువ ముద్రించి తగ్గిస్తే మనకు మిగిలేదేంటి?

అట్ట వెనక బ్రాండుతో పాటు అసలు పేరుంటుంది: మెట్‌ఫార్మిన్, 500 మిల్లీగ్రాములు. డాక్టరు గారిచేత అదే రాయించుకుని జన ఔషధి షాపులో అడగండి. పక్కన 'ఎస్ఆర్' ఉంటే అదీ రాయించాలి. అది నెమ్మదిగా కరిగే మాత్ర, మామూలుది దానికి బదులు కాదు.