ఆర్ట్స్ కాలేజీ మెట్ల సముఖానికి

మహారాజశ్రీ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల సముఖానికి తార్నాక వాస్తవ్యుడొకడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం.

ఈ ఉత్తరం వైస్ ఛాన్సలర్ గారికి రాయవచ్చు కదా అంటారేమో. వారు వస్తారు, పోతారు. ఒకరు పోయి ఇంకొకరు వచ్చేలోపు ఇన్‌ఛార్జులు వస్తారు, పోతారు. మీరు 1939 నుంచి కదల్లేదు. పైగా ఈ యూనివర్సిటీలో ఏ కార్యమైనా మీ మీద జరిగితేనే జరిగినట్టు లెక్క. ధర్నా మీ మీదే, దీక్షా మీ మీదే, వంటావార్పూ మీ మీదే. పొద్దున్నే వాకింగుకు వచ్చిన పెద్దమనుషులు మోకాళ్లు చాపుకునేదీ మీ మీదే. పెళ్లి కుదిరిన జంటలు ఫొటోగ్రాఫరు చెప్పినట్టు ఒకరి వంక ఒకరు చూసుకుంటూ దిగేదీ మీ మీదే. మొన్నొక అమ్మాయికి దిగుతుంటే కుచ్చిళ్లు కాలికి అడ్డం పడ్డాయి. పక్కన నినాదాలిస్తున్న కుర్రాళ్లు గొంతు ఆపి, ఆమె కుచ్చిళ్లు సర్దుకుని దిగేదాకా ఆగి, విడిచిన చోటి నుంచే మళ్లీ అందుకున్నారు. ఇంత మర్యాద అసెంబ్లీలో కూడా చూడలేదు.

మీ వంశం గొప్పది, కాదనను. ఉన్నత చదువు దేశభాషలో సాగాలని 1917లో ఏడో నిజాం ఫర్మానా ఇచ్చారు. దేశభాష అంటే ఉర్దూ అన్నారు. రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడం అన్న సంగతి ఫర్మానాకు అడ్డు రాలేదు. అయినా ఆ పట్టుదలను చూసి నవ్వే అర్హత మనకు లేదు. దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థ పెట్టి, పరిభాష తయారు చేసుకుని, భౌతికశాస్త్రం నుంచి వైద్యం దాకా ఉర్దూలోకి దించి పాఠం చెప్పారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తెలుగులో చెప్పమంటే ఈనాటికీ మనం పక్కవాడి మొహం చూస్తాం. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆ స్థాయిలో తెలుగు వంతు ఇంకా రాలేదు.

1919లో గన్‌ఫౌండ్రీలో అద్దె ఇళ్లలో క్లాసులు మొదలయ్యాయి. తర్వాత ఇద్దరు నిపుణులను దేశదేశాలు తిప్పి యూనివర్సిటీలు ఎలా కడతారో చూసి రమ్మన్నారు. కైరోలో పని చేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించారు. 1934లో మీకు పునాదిరాయి పడింది, 1939 డిసెంబరులో ప్రారంభమయ్యారు. అయితే మీరు పూర్తి కాకముందే మీ పని మొదలైంది. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను వెళ్లగొట్టారు. వాళ్లను నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. ఆ ఉద్యమంలో ఉండి, నాగపూర్‌లో లా చదివిన పి.వి. నరసింహారావు తర్వాత ప్రధానమంత్రి అయ్యారు. మీరెక్కనివ్వకపోయినా ఎక్కాల్సినవాళ్లు ఎక్కుతారని అప్పుడే తేలిపోయింది.

1952లో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ గొడవ, 1969 తెలంగాణ ఉద్యమం, 2009 నవంబరు, డిసెంబరుల్లో మళ్లీ అదే ఉద్యమం. వాటిలో పాల్గొన్న పిల్లల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల జోలికి నా కలం వెళ్లదు. మీ మీదుగా ఎక్కి పదవుల్లోకి దిగినవాళ్ల సంగతి వేరు. 2014లో రాష్ట్రం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో శతాబ్ది ఉత్సవాలకు రాష్ట్రపతి వస్తే, వేదిక మీద ఉన్న ముఖ్యమంత్రి నోరు విప్పలేదు. ఎక్కడికి వెళ్లినా గంటల తరబడి ప్రసంగించే మనిషిని మౌనవ్రతం పట్టించిన ఘనత మీ ఆవరణది. ఇక 2025 మార్చిలో యూనివర్సిటీయే సర్క్యులర్ ఇచ్చింది: విభాగాల్లో, ఆఫీసుల్లో నిరసనలు, నినాదాలు కూడవని. మీ పాత సర్టిఫికెట్లన్నీ ఎవరూ చూసినట్టు లేదు.

నా బాధ అది కాదు. ఉస్మానియా అంటే జనానికి మీరే కనబడతారు, మీ వెనకాల ఏముందో కనబడదు. 1919లోనే ఈ యూనివర్సిటీ చేతికి నక్షత్రాలను పరిశీలించే నిజామియా వేధశాల వచ్చింది. ప్రపంచ వేధశాలలు కలిసి ఆకాశానికి పటం గీసుకుంటుంటే, లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి ఇచ్చింది మన హైదరాబాదు. 1968లో యూనివర్సిటీదే అయిన జాపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు అక్కడికి కట్టకట్టుకుని వచ్చారు. దాన్ని పట్టించుకునే నాథుడు లేకుండా పోయాక, దాని కోసం మీ మీద ఎవరైనా ఒక పూట నిరాహారదీక్ష చేశారా? ఫిజిక్స్‌లో బంగారు పతకం అందుకున్న విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని 1972 ఏప్రిల్ 14న ఈ ఆవరణలోనే పొడిచి చంపారు. ఆయన పేరు మీకు నినాదంగా కంఠస్థం. ఆయన చదివిన ఫిజిక్స్ గురించి ఎన్నడైనా విన్నారా?

లైబ్రరీకి వెళ్లి చూడండి, మెట్లు కదలవు కనుక నేనే చెబుతాను. అక్కడ తాళపత్రాలున్నాయి. చదివేవాళ్లు మాత్రం ఇంటి నుంచి పుస్తకాలు తెచ్చుకుంటారు, గ్రూప్-1వీ, గ్రూప్-2వీ. పొద్దున్నే సంచీ పెట్టి సీటు ఆపుకుంటారు. చోటు దొరకనివాళ్లు చెట్టు కింద ఒళ్లో పరీక్ష అట్ట పెట్టుకుని, పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పెట్టుకుని కరెంట్ అఫైర్స్ బట్టీ పడతారు. ఈ విశ్వవిద్యాలయంలో విరామం లేకుండా సాగుతున్న పరిశోధన ఒక్కటే: నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది? ఆ ప్రశ్న అధ్యాపకులదీ. చెప్పుకోదగ్గ రెగ్యులర్ నియామకాలు జరిగి పదేళ్లు దాటింది. ప్రొఫెసరు రిటైరైతే కుర్చీ మిగులుతుంది, అందులో కాంట్రాక్టు ఆయన కూర్చుంటారు, ఆయన నెత్తినా వెంట్రుకలు నెరుస్తాయి.

అందుకని ఒక్క మనవి. ఈసారి ఏ నాయకుడొచ్చినా పైమెట్టు ఎక్కగానే కెమెరాల వైపు తిరుగుతాడు. తిరగనివ్వకండి. నేరుగా ద్వారంలోంచి లోపలికి పంపండి, ఒక్క క్లాసు విని రమ్మనండి. లోపల పాఠం చెప్పేవాళ్లు కనబడకపోతే కంగారు పడవద్దని చెప్పండి. వాళ్లు యూజీసీ నిర్ణయించిన జీతాల స్కేలు ఇవ్వమని అడుగుతూ మీ మీదే కూర్చుని ఉంటారు. ఆయన వాళ్లను దాటుకునే లోపలికి వెళ్లి ఉంటాడు.

ఇట్లు,
తమ విధేయుడు