పదో వంతు ఇల్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను దులిపి వెళ్ళాక మా డాబా మీద చెక్కుచెదరకుండా మిగిలింది నా ఇంగ్లీషొక్కటే. నీళ్ల ట్యాంకు, మెట్ల మీది రేకులు, మూడు కిటికీల అద్దాలు పోయాయి. బీమాకు దరఖాస్తు రాయాలి. ఉన్నదున్నట్టు తెలుగులో రాయమంది మా ఆవిడ. ఇంత పెద్ద నష్టానికి తెలుగు ఏం ఆనుతుందని, టీవీలో విన్న మాటలన్నీ పోగేసి రెండు పేజీలు దంచాను.

సర్వేయరు వచ్చారు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి ఎర్ర పెన్ను తీశారు. అప్పుడే అనుమానించాల్సింది.

“ఇల్లు ‘డెసిమేట్’ అయిందని రాశారు. అది రోమన్ సైన్యం మాటండీ. తప్పు చేసిన దళంలో పదిమందికి ఒకడిని చంపేవారు. ఆ లెక్కన మీకు పోయింది పదో వంతు. అరవై వేలు అడిగారు, ఆరు వేలు వేసుకోనా?”

పరుగున నిఘంటువు తెచ్చి, ‘చాలా భాగం నాశనం’ అన్న అర్థం చూపించాను. “ఆ అర్థమూ ఉందిలెండి” అన్నారు, సొంత డబ్బు పోయినంత బాధగా.

“మరి తుపానుకు మీ ఇల్లే ‘ఎపిసెంటర్’ అన్నారు. అది భూకంపాల మాట. భూమి లోపల కదలిక మొదలైన చోటికి సరిగ్గా పైనుండే చోటు. భూకంపానికి విడిగా ప్రీమియం కట్టారా?”

లేదన్నాను. ఎర్ర గీత పడింది.

“ట్యాంకేమో తుపాను ‘ఐ’లో ఎగిరిందట. అంటే తుపాను నడిమధ్య కన్ను. అందులో గాలి పెద్దగా ఉండదు కదండీ!”

ఉండదు. ఆ మధ్యాహ్నం హోరు ఉన్నట్టుండి ఆగితే, పీడ విరగడైందని వీధి వీధంతా బయటికొచ్చింది. నేనైతే చీపురు కూడా పట్టాను. సగం వాకిలి ఊడ్చేసరికి ఈసారి ఎదురు దిక్కు నుంచి గాలి లేచింది.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. “ముందు చీపురు పోయిందండీ. దాని వెనకే ట్యాంకు. పక్కింటివారి మామిడి చెట్టు మీద పడింది.”

సర్వేయరు ఆ నాలుగు ముక్కలూ రాసుకుని, నా రెండు పేజీలూ మడిచి నా చేతికే ఇచ్చారు.

సాయంత్రం పక్కింటాయన కాగితం పట్టుకుని వచ్చారు. చెట్టుకు పరిహారం అడుగుతారేమోనని గుండె గుభేలుమంది. ఆయనా దరఖాస్తు రాస్తున్నారట, చిన్న సందేహమట.

“మాస్టారూ, మీ ట్యాంకు మా పెరట్లో పడిందిగా. తుపాను తీరం దాటితే టీవీలో అన్నట్టు, దాన్ని ‘ల్యాండ్‌ఫాల్’ అనవచ్చా?”