లెవెల్ 2 ఉంది సార్ అంటారు, ప్రమాదమైతే కేసు ఎవరి మీదో చెప్పరు

ఈమధ్య కారు కొనబోయే ప్రతివాడూ మైలేజీ సంగతి కాగానే అడిగే మాట "అడాస్ ఉందా?" అని, అంటే డ్రైవర్‌కి సాయంగా బ్రేకు, వేగం, స్టీరింగ్ చూసుకునే ఏర్పాట్లు ఉన్నాయా అని. ఉంటే ఏ లెవెల్? "లెవెల్ 2 సార్" అనగానే మనవాడి మొహం వెలిగిపోతుంది. అవతలి షోరూములో చూసినదాంట్లో లెవెల్ 1 అట, కాబట్టి ఇది దానికి రెట్టింపు తెలివైంది. ఈ లెక్క జనం బుర్రల్లోకి ఎవరు ఎక్కించారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

అసలు ఈ లెవెల్స్ కారు తెలివికి వేసిన మార్కులు కావు. అమెరికాలో ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ 2014లో జె3016 అని ఒక పత్రం తెచ్చింది, అందులో 0 నుంచి 5 దాకా గీసిన గీతలివి. ఏ పని కారు చేస్తోంది, ఏ పని మనిషి చేస్తున్నాడు అన్నదే అందులో ఉంటుంది. బాగా చేస్తోందా, ఛండాలంగా చేస్తోందా అన్నది ఆ అంకెలో ఉండదు. లేన్ మధ్యలో గీత గీసినట్టు పోయే కారూ లెవెల్ 2నే, తాగినవాడిలా ఇటు గీతకీ అటు గీతకీ కొట్టుకుంటూ పోయేదీ లెవెల్ 2నే. ఇక "లెవెల్ 2 ప్లస్" అని బ్రోచర్లలో కనిపిస్తుందే, అలాంటి లెవెల్ ఆ పత్రంలో లేదు.

ఇంకో విచిత్రం చెప్తా. ముందు అడ్డొస్తే దానంతట అదే బ్రేకు వేసే ఏఈబీ ఆ లెక్కలో లెవెల్ 0. అద్దంలో కనపడని మూలలో బండి ఉంటే చెప్పే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక కూడా లెవెల్ 0. అవి ఒక్క క్షణం కలగజేసుకుని తప్పుకుంటాయి తప్ప బండి నడపవు, అందుకని. నన్నడిగితే డబ్బులు పెట్టాల్సింది ఆ సున్నా సరుకు మీదే. కానీ సున్నా అని బ్రోచర్‌లో వేస్తే ఎవడు కొంటాడు?

ముందు బండికి తగ్గట్టు వేగం పెంచుతూ తగ్గిస్తూ పోయే అడాప్టివ్ క్రూజ్ ఒక్కటే ఉంటే లెవెల్ 1. దానితోపాటు అదే సమయంలో స్టీరింగ్‌ని కూడా లేన్ మధ్యలో పట్టుకుంటూ పోతే లెవెల్ 2. అంతే తేడా. ఇక్కడే ఒక మెలిక ఉంది. లేన్ డిపార్చర్ వార్నింగ్ అంటే గీత దాటితే బీప్ అంటుంది. లేన్ కీప్ అసిస్ట్ అంటే గీత దాకా వచ్చాక లోపలికి ఒక తోపు తోస్తుంది. లేన్ సెంటరింగ్ అయితే ఎప్పుడూ మధ్యలోనే పట్టుకుని ఉంటుంది. మూడూ వేరు వేరు. షోరూములో మూడింటికీ ఒకటే మాట, "లేన్ అసిస్ట్ ఉంది సార్". కొన్ని కార్లలో క్రూజ్ ట్రాఫిక్‌లో పూర్తిగా ఆగి మళ్ళీ కదులుతుంది, కొన్నింట్లో ఒక వేగం కిందికి పడగానే చేతులెత్తేస్తుంది. ఈ తేడా కొన్నాక గానీ తెలీదు.

మా ఫ్రెండ్ టెస్ట్ డ్రైవ్‌కి పోతుంటే నేనూ ఎక్కా. హైదరాబాద్‌లో నార్సింగి దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి వచ్చాక సేల్స్ అబ్బాయి క్రూజ్ 90కి పెట్టి రెండు చేతులూ గాల్లోకి లేపి "చూడండి సార్, దానంతట అదే పోతోంది" అన్నాడు. కాసేపటికి డిస్‌ప్లేలో స్టీరింగ్ పట్టుకోమని బొమ్మ వచ్చింది, తర్వాత బీప్ మొదలైంది. వేలితో స్టీరింగ్‌ని చిన్నగా ఊపి మళ్ళీ వదిలేశాడు. "వాటర్ బాటిల్ ఇరికిస్తే ఇది కూడా రాదు సార్" అని పైగా ఒక చిట్కా. పాతికేళ్ళు కూడా లేవు అతనికి. ఎవరో పైవాళ్ళు నేర్పిందే మాకు చూపించాడు. కోపం ఆ పైవాళ్ళ మీద.

ఆ బాటిల్ ఎందుకు పనిచేస్తుందంటే, చాలా కార్లలో చేతులున్నాయో లేదో తెలుసుకునేది స్టీరింగ్ మీద పడే తిప్పుడు బలాన్ని బట్టి. మనిషి చెయ్యో, బాటిలో దానికి తెలీదు. కళ్ళు రోడ్డు మీద ఉన్నాయా, ఫోన్‌లో ఉన్నాయా అన్నది అసలే తెలీదు. జనరల్ మోటార్స్ వాళ్ళు 2017లో కాడిలాక్ సీటీ6లో సూపర్ క్రూజ్ తెచ్చినప్పుడు స్టీరింగ్ కాలమ్ మీద ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టారు. చేతులు వదిలెయ్ పర్లేదు, చూపు మాత్రం తిప్పకు అని. అది కూడా ముందే లైడార్‌తో, అంటే లేజర్‌తో, కొలిచి మ్యాప్ చేసిన హైవేల మీదే ఆన్ అవుతుంది, వేరే రోడ్డు ఎక్కితే పని చెయ్యదు. ఫోర్డ్ బ్లూక్రూజ్ కూడా ఇంచుమించు అదే దారి. ఇవీ లెవెల్ 2నే, మన ఓఆర్ఆర్ మీద చూసిందీ లెవెల్ 2నే. అంకె ఒకటైనంత మాత్రాన కాపలా ఒకటి కాదు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్‌ఎస్ 2024 మార్చిలో 14 సిస్టమ్స్‌కి రేటింగ్ ఇచ్చింది, బండి ఎంత బాగా నడుస్తుందని కాదు, డ్రైవర్‌ని ఎంత బాగా కాపలా కాస్తుందని. 11కి "పూర్" వచ్చింది.

ఇక మా బావ. డాలస్‌లో ఉంటాడు, టెస్లా. వారానికోసారి వాట్సాప్‌లో వీడియో వస్తుంది, ఇంటి గరాజ్ నుంచి ఇండియన్ స్టోర్ దాకా స్టీరింగ్ ముట్టుకోకుండా వెళ్ళాడట. "ఏం బావా, లెవెల్ ఎంత?" అంటే "లెవెల్ 4 లెక్కేరా, ఎలాన్ మస్క్ ఊరికే చెప్తాడా" అంటాడు. లెవెల్ 4 అంటే మనిషి కాపలా అక్కర్లేనిది. "ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్" అనే ఆ సాఫ్ట్‌వేర్ పేరు పక్కనే కంపెనీ వాళ్ళు 2024లో "సూపర్‌వైజ్డ్" అని తగిలించారు బావా, అంటే నువ్వు చూస్తూ ఉండాలని. చేసే పనిలో అది మన దగ్గరి లెవెల్ 2 కార్లకంటే ఎన్నో రెట్లు ముందుంది, సిగ్నళ్ళు, మలుపులు అన్నీ అదే చూసుకుంటుంది, ఒప్పుకుంటా. కానీ గుద్దితే పోలీసు అడిగే లైసెన్స్ నీది.

బాగా నడిచే కొద్దీ ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. పది నిమిషాలకోసారి తప్పు చేసే కారుని ఎవడూ నమ్మడు, కళ్ళు తెరుచుకునే ఉంటాడు. నెలకోసారి తప్పు చేసేదాన్ని నమ్ముతాడు. 2016 మే నెలలో ఫ్లోరిడాలో రోడ్డుకి అడ్డంగా దాటుతున్న ట్రక్కు ట్రెయిలర్ కిందికి టెస్లా దూసుకుపోయింది, అటు కారు బ్రేకు వెయ్యలేదు, ఇటు మనిషీ వెయ్యలేదు. 2019లో అదే రాష్ట్రంలో దాదాపు అదే రకం ప్రమాదం మళ్ళీ జరిగింది. డ్రైవర్ ధ్యాస పెట్టేలా చూసే ఏర్పాటు సరిపోవట్లేదని 2023 డిసెంబరులో ఇరవై లక్షలకు పైగా టెస్లాలకు రీకాల్ వచ్చింది.

చైనా సంగతి ఇంకా కొత్తది. 2025 మార్చిలో ఆన్‌హుయ్ రాష్ట్రంలో హైవే మీద రిపేరు జరుగుతుంటే లేన్ మూసేసి బళ్ళని అవతలి వైపుకి మళ్ళించారు. షావోమీ ఎస్‌యూ7 ఒకటి గంటకి 116 కిలోమీటర్ల మీద సిస్టమ్‌తో పోతోంది. అడ్డు చూసింది, హెచ్చరించింది, వేగం తగ్గించడం మొదలుపెట్టింది, డ్రైవర్ స్టీరింగ్ అందుకున్నారు. ఆ తర్వాత రెండు సెకన్లకే సిమెంటు బారియర్, గుద్దేముందు నమోదైన వేగం 97. ఇది కంపెనీ బయటపెట్టిన డేటానే. ముగ్గురు పోయారు. తర్వాతి నెలలోనే అక్కడి ప్రభుత్వం ప్రకటనల్లో అతి మాటలు వాడొద్దని కార్ల కంపెనీలని పిలిచి చెప్పింది.

రెండు సెకన్ల పక్కన ఇప్పుడు ఇది పెట్టి చూడండి. మెర్సిడెస్ డ్రైవ్ పైలట్‌కి 2021 డిసెంబరులో జర్మనీలో అనుమతి వచ్చింది, లెవెల్ 3. ఆటోబాన్‌ల (అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేల) మీద అనువైన చోట్ల, గంటకి 60 లోపు, ట్రాఫిక్ జామ్‌లో, వాన లేకుండా ఉంటేనే. తర్వాత 95 దాకా పెంచారు. ఎవరైనా నవ్వుతారు, టెస్లా ఊరంతా తిరుగుతుంటే ఇదేం గొప్ప అని. గొప్ప ఏంటంటే, అది ఆన్‌లో ఉన్నంతసేపూ రోడ్డు మీంచి చూపు తిప్పుకోవచ్చని అక్కడి చట్టమే ఒప్పుకుంటుంది. సీట్లో ఉన్నాయన సినిమా చూసుకోవచ్చు. నిద్రపోకూడదు, అంతే. కారుకి చేతకాకపోతే తీసుకోమని చెప్పి 10 సెకన్లు టైమిస్తుంది, అప్పటికీ తీసుకోకపోతే అదే ఆగుతుంది. అందుకే అందులో లైడారు, బ్రేకులకీ స్టీరింగ్‌కీ రెండో ఏర్పాటు, రోడ్డు తడిసిందో లేదో చూసే సెన్సరు, అంబులెన్స్ సైరన్ వినే మైకులు పెట్టారు. అంతకుముందే 2021 మార్చిలో హోండా జపాన్‌లో లెజెండ్ కారుని లెవెల్ 3తో ఇచ్చింది, అదీ వంద కార్లే, అదీ లీజుకే. ఇంజనీర్లు చేతకాక వందతో ఆగారనుకుంటున్నారా? పూచీ నెత్తిన వేసుకునేటప్పుడు ఏ కంపెనీ అయినా అంత జాగ్రత్తగానే ఉంటుంది. రెండుకీ మూడుకీ మధ్య ఉన్నదే అసలు గీత. మిగతావన్నీ ఫీచర్లు.

మన దేశంలో అమ్మే కార్లలో ఈ గీతకి అవతల ఉన్నది ఒక్కటీ లేదు. 2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 వచ్చిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా అన్నీ డ్రైవర్ నెత్తినే. నితిన్ గడ్కరీ గారు డ్రైవర్ లేని కార్లని రానివ్వను, డ్రైవర్ల పొట్ట కొట్టను అని 2023లోనే చెప్పేశారు. ఆ మాట మీద వాదన వేరే రోజు పెట్టుకుందాం.

ఇప్పుడు విజయవాడ హైవే మీదికి రండి. రాత్రి పదకొండు, క్రూజ్ 100, ముందు ఒక కారు. ఆ కారు హఠాత్తుగా పక్క లేన్‌లోకి తప్పుకుంటుంది. ఎందుకంటే దాని ముందు లారీ ఆగి ఉంది, టైరు పంక్చరు, టెయిల్ ల్యాంపులు లేవు, వెనకాల రెండు రాళ్ళూ ఒక వేపకొమ్మా. మన కారుకి ఏం అర్థమవుతుంది? ముందున్నవాడు పోయాడు, దారి ఖాళీ, మళ్ళీ 100కి ఎక్కుదాం అని. రాడార్ కదిలే బండిని బాగా పట్టుకుంటుంది. కదలనివాటితోనే చిక్కు. సైన్‌బోర్డు, రెయిలింగు, పైన వంతెన, అన్నీ కదలనివే, వాటన్నిటికీ బ్రేకు కొడితే బండి ముందుకి పోదు. అందుకని స్పీడులో ఉన్నప్పుడు కదలనివాటిని చాలా సిస్టమ్స్ వదిలేస్తాయి, లేదా కెమెరా కూడా ఔను బండే అంటేనే నమ్ముతాయి. బురద పట్టిన లారీ వెనకభాగాన్ని చీకట్లో కెమెరా ఏమని చెప్తుంది? ఇది మన రోడ్ల గొడవ మాత్రమే కాదు. 2024లో బ్లూక్రూజ్ ఆన్‌లో ఉన్న ఫోర్డ్ కార్లు శాన్ ఆంటోనియోలో, ఫిలడెల్ఫియాలో రాత్రిపూట ఆగి ఉన్న బళ్ళనే గుద్దాయి, అమెరికా ప్రభుత్వం దర్యాప్తు మొదలుపెట్టింది. అంత మ్యాప్ చేసిన రోడ్ల మీద, కంటికి కెమెరా పెట్టి.

మన దగ్గర దీనికి తోడు రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గీతలు చెరిగిపోయిన లేన్లు. ముందు బండికి గ్యాప్ ఎంత తక్కువకి పెట్టినా ఆ సందులోకి ఒక ఆటో దూరుతుంది, కారు టక్కున బ్రేకు కొడుతుంది, వెనకవాడు హారన్ కొడుతూ మన అమ్మానాన్నల్ని తలుచుకుంటాడు. నేను ఓఆర్ఆర్ మీద పగటిపూట క్రూజ్ వాడతా, హాయిగా ఉంటుంది. రాత్రి హైవే మీద క్రూజ్ బంద్. సింగిల్ రోడ్ల మీద లేన్ కీప్ కూడా బంద్, గుంత తప్పించబోతే అది మళ్ళీ గుంతలోకే తోస్తుంది. ఏఈబీ మాత్రం ఎప్పుడూ ఆన్. చిరాకేసి దాన్ని ఆఫ్ చేసేసినవాళ్ళు చాలామంది తెలుసు నాకు, వాళ్ళతో గొడవపడీ పడీ నోరు నొప్పి పుట్టింది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ముందు అద్దం పగిలి కొత్తది వేయించుకుంటే, అద్దానికి ఉన్న కెమెరాని మళ్ళీ కాలిబ్రేట్ చెయ్యాలి. రోడ్డు పక్క షాపులో చవగ్గా అద్దం వేయించి అలాగే తిరిగేవాళ్ళున్నారు, కెమెరా కాస్త పక్కకి చూస్తుంటే అది గీసుకునే లేన్ కూడా పక్కకే ఉంటుంది. బంపర్‌కి ఇనప గార్డు బిగించుకుంటే దాని వెనకున్న రాడార్‌కి అడ్డం. రెండు లక్షలు ఎక్కువ పెట్టి అడాస్ వేరియంట్ కొని, దాని కళ్ళకి గంతలు కట్టడానికి ఇంకో ఎనిమిది వేలు.

"మా కారులో ఆ ప్రాబ్లమ్ లేదు" అని కింద రాయబోయేవాళ్ళకి ఒక చిన్న పని. ఓనర్స్ మాన్యువల్ తీసి, క్రూజ్ చాప్టర్లో ఆగి ఉన్న వాహనాల గురించి ఏం రాశారో ఆ పేజీ ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి, మోడల్ పేరుతో సహా. బావా, నువ్వు కూడా.