ఒక్క రూపాయి బిర్యానీ ఆఫర్ గారికి

ఆఫర్ గారూ,

నమస్కారం. మీరు మా హోటలుకి వచ్చి వెళ్లి ఎనిమిది నెలలయింది. ఉన్నది ఒక్క పూటే అయినా మీ గుర్తులు ఇంకా పోలేదు. అద్దం తలుపు ఉండాల్సిన చోట ఇప్పటికీ ప్లైవుడ్ చెక్కే ఉంది. గల్లాపెట్టె కింది అరలో మీరు సంపాదించిపెట్టిన 200 రూపాయలు కూడా అట్టాగే ఉన్నాయి. అన్నీ రూపాయి నోట్లే. ఎవరికైనా చిల్లరగా ఇవ్వబోతే నోటు వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూస్తున్నారు.

మిమ్మల్ని మా ఇంటికి తీసుకొచ్చింది మా బావమరిది. మూడేళ్లు ఖాళీగా తిరిగి, మూడు నెలలు డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాడు. ఖాళీగా తిరిగినన్నాళ్లూ వాడివల్ల నాకు టీ డబ్బులే ఖర్చయ్యాయని ఇప్పుడు తలుచుకుంటుంటా. పొదలకూరు రోడ్డులో హోటలు పెడుతున్నానని చెప్పగానే లాప్‌టాప్ తెరిచాడు. "చేపల పులుసు దొరుకును అని బోర్డు రాస్తే ఎవడొస్తాడు బావా? నెల్లూరులో పులుసు లేని ఇల్లేదైనా ఉండాదా? హుక్ ఉండాల" అన్నాడు. హుక్ అంటే గాలమట. చేపలు నేను కొంటానుగానీ పట్టనురా అని చెప్పా. వినలేదు.

1960లో మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసరు మార్కెటింగుకి నాలుగు 'పీ'లు చెప్పాడట. ప్రొడక్టు, ప్రైసు, ప్లేసు, ప్రమోషను. మావాడు వాటిలో ప్రైసుని రూపాయి చేసి, ప్రమోషన్ని మైకు ఆటోకెక్కించి, ప్రొడక్టు దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయాడు. 'పులుసు'లో కూడా 'ప' ఉందిరా అని మా ఆవిడ గుర్తుచేసింది. తమ్ముడు కదా, పెద్దగా పట్టించుకోలేదు.

"రూపాయి నోటు తెచ్చిన మొదటి 200 మందికి చికెన్ బిర్యానీ. నాణెం చెల్లదు." ఇదీ మీ పూర్తి పేరు. నాణెం ఎందుకు చెల్లదురా అంటే, నోటయితే వెతుక్కుంటారు, వెతుక్కున్నంతసేపూ మన గురించే ఆలోచిస్తారు అన్నాడు. ఈ ఒక్క విషయంలో వాడి బుర్రని మెచ్చుకోవాలి. రూపాయి నోటు అచ్చు 1994లో ఆపేసి మళ్లీ 2015లో మొదలుపెట్టారుగానీ, మామూలు గల్లాపెట్టెల్లో అది కనపడదు. ఆ వారం మా వీధిలో దేవుడి పటాల వెనక, పాత డైరీల్లో, బీరువాలో పట్టుచీరల మడతల్లో వెతకని ఇల్లు లేదు. అత్తాకోడళ్లు కలిసి వెతికిన ఇళ్లు కూడా ఉన్నాయని విన్నా.

ఇక ఆ రోజు. షట్టరు తీసేది పదకొండింటికి, క్యూ మొదలైంది ఆరింటికి. తొమ్మిదికల్లా క్యూ అన్నది క్యూలాగా లేదు, తిరునాళ్లలాగా ఉంది. ముందు నిలబడిన పెద్దాయన ఒకాయన కళ్లద్దాల పెట్టెలోంచి నాలుగు మడతల నోటు తీశాడు. మడతలు విప్పుతుంటే ఎక్కడ చిరుగుతుందోనని నాకే టెన్షన్. "ఇది మా నాయన ఇచ్చింది" అన్నాడు. చెయ్యి చాపాడుగానీ వేళ్లు వదల్లేదు. నోటు మీరే ఉంచుకోండి పెద్దాయనా, పొట్లం తీసుకోండి అని నేను అనబోయే లోపల వెనకనుంచి ఒక తోపు వచ్చింది. నోటు నా చేతిలోకి, పెద్దాయన పక్కకి, అద్దం నేల మీదికి. దేవుడి దయవల్ల ఎవరికీ తెగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ట్రాఫిక్ పోలీసులు వచ్చి, షట్టరు వేస్తావా, మేం వెయ్యమంటావా అని మర్యాదగానే అడిగారు.

అద్దం పగిలిన వీడియోకి మూడు లక్షల వ్యూస్ వచ్చాయి. బావమరిది కళ్లల్లో నీళ్లు. "వైరల్ బావా!" అన్నాడు. నేనూ చూశా. జనం నా బోర్డుని నిలువునా కప్పేశారు. వీడియో మొత్తంలో చక్కగా, అక్షరం పొల్లుపోకుండా కనపడేది పక్కనున్న హెల్మెట్ల షాపు బోర్డు ఒక్కటే. ఆ వారం ఆయనకి గిరాకీ పెరిగింది. మంచి మనిషి, ఊరుకోలేదు, అరకిలో మలైకాజా పట్టుకొచ్చి నా చేతుల్లో పెట్టి "మీ పేరు చెప్పుకొని నాలుగు రాళ్లు సంపాదించుకున్నా" అన్నాడు. నా పేరెక్కడ చెప్పుకున్నాడు పాపం, ఆయన పేరే జనం చెప్పుకున్నారు.

ఈ మాట మా తోడల్లుడితో అంటే పడీపడీ నవ్వాడు. ఆయనది ఒంగోలు. ఆయనకి మా ఊరి మీద ఒక పాత కడుపుమంట ఉంది. వాళ్ల గిత్తలు ఓడలెక్కి బ్రెజిల్ పోయి అక్కడ మందలకు మందలయ్యాయి, ఆ దేశంలో మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. కానీ అక్కడ వాటిని ఒంగోలు అనరు, 'నెలోర్' అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు మా నెల్లూరు జిల్లాలోదే కాబట్టి పేరు అట్టా పోయింది. "గిత్త మాది, మేత మాది, పేరు మీది. ఇప్పుడు బిర్యానీ నీది, పేరు హెల్మెట్లది. లెక్క సరిపోయింది" అన్నాడు. నూట ఇరవై ఏళ్ల నాటి బాకీ నా ఒక్కడి దగ్గర వసూలు చేసుకున్నట్టు మాట్లాడాడు.

రెండో రోజు సంగతి మీకు తెలియదు, మీరు లేరు కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముగ్గురు వచ్చారు. ఒకాయన ఆఫర్ ఉందా అని అడిగాడు. ఇంకొకాయన ఆఫర్ ఎందుకు తీసేశారని అడిగాడు. మూడోవాడు హెల్మెట్ కోసం వచ్చాడు.

ఖాళీ హోటల్లో కూర్చొని మీ నోట్లు లెక్కపెట్టా. మిగతా నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది, రూపాయి నోటు మీద మాత్రం ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం. ఇన్నేళ్లలో అది గమనించే తీరిక నాకు దొరకలేదు, మీ పుణ్యమా అని ఆ సాయంత్రం దొరికింది. తర్వాత ఖర్చులు రాసుకున్నా. ప్లేటుకి 110 చొప్పున 200 ప్లేట్లకి 22,000, వచ్చిన 200 తీసేస్తే 21,800. రీల్ చేసిన కుర్రాడికి 8,000. ఫ్లెక్సీలకీ మైకు ఆటోకీ కలిపి 5,700. అద్దం తలుపు 14,500. మొత్తం సరిగ్గా 50,000. నా జన్మలో ఏ లెక్కా ఇంత గుండుగుత్తగా తేలలేదు.

మీరు పనికిరానివారని నేను అనడం లేదు. సూపర్‌మార్కెట్లో మీకు మంచి ఉద్యోగమే ఉంది. అక్కడ పంచదార చవగ్గా ఇస్తారు, పంచదార కోసం వచ్చినవాడు పప్పూ నూనే సబ్బులూ కొనుక్కొని పోతాడు, అక్కడ పోయింది ఇక్కడ వస్తుంది. నా దగ్గర బిర్యానీ పొట్లం తీసుకున్నవాడు ఇంకేం కొంటాడు? సోంపా? అదీ ఊరకే ఇస్తిమి.

మా దగ్గర చేపలు తోమే పెద్దమ్మ ఒకామె ఉంది, కలిగిరి పక్క మనిషి. ఆ సాయంత్రం నా మొహం చూసి, "మేము ఫ్లెక్సీలు కట్టామా నాయనా?" అంది. దేనికి పెద్దమ్మా అంటే దూబగుంట సంగతి ఎత్తుకుంది. 1990ల మొదట్లో ఊరూరా రాత్రి బడులు పెట్టి ఆడవాళ్లకి అక్షరాలు నేర్పించారు కదా, అప్పుడామె కొత్త కోడలట. "పాఠంలో ఉండేది మా ఇంటి కథే. తాగొచ్చే మొగుడు, ఏడ్చే పిల్లోళ్లు. ఎవురికి చదివి వినిపించినా, ఇది మాదే అనింది." దూబగుంటలో రోశమ్మా తోటి ఆడవాళ్లూ సారా అంగడి మూయించారు. ఆ మాట ఈ నోటా ఆ నోటా పడి జిల్లా అంతా పాకింది. పొరకలు, కారప్పొడులు పట్టుకొని సారా వేలంపాటలకి అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. ఒక్క పాఠంతో మొదలైన గొడవ! బావమరిది ఇదంతా విని, "అప్పట్లో రీల్స్ ఉండుంటేనా…" అన్నాడు. పెద్దమ్మ చేతిలో అప్పుడు చేప ఉంది కాబట్టి సరిపోయింది, పొరక ఉండుంటే వేరేగా ఉండేది.

మన రొట్టెల పండుగ చూడండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లల్లో నిలబడి లక్షల మంది రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె ఇచ్చేది ఉద్యోగం వచ్చినామె, పెళ్లి రొట్టె ఇచ్చేది పెళ్లయినవాడు. కోరిక తీరిన మనిషే మళ్లీ వచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ల చేతిలో పెడతారు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ ఫ్లెక్సీలో ఇస్తారండీ? మీ దగ్గర నోటిచ్చి పొట్లం పట్టుకెళ్లిన 200 మందిలో నా హోటలు గురించి ఇంకొకరికి చెప్పినవాళ్లు ఎంతమంది? చెప్పే ఉంటారులెండి, "అయిపోయింది, ఇంక పోవద్దు" అని.

ఇక అసలు విషయం. మీరు వెళ్లిన మూడో వారం ఒక రోజు పులుసు చాలా మిగిలింది. మా ఆవిడ పులుసు పెట్టే తీరు ఒక్కసారి చూస్తే మీకూ బుద్ధొచ్చేది. మట్టి దాకలో కొరమీను ముక్కలు పడ్డాక ఇక గరిటె పెట్టనివ్వదు. గుడ్డతో రెండు అంచులూ పట్టుకొని దాకనే అట్టా గుండ్రంగా తిప్పుతుంది, ముక్క చెదరదు. పుల్ల మామిడికాయ చివర్లో వేస్తుంది. అట్టాంటి పులుసుని పారబోయడానికి మనసొప్పక మర్నాడు పొద్దున్నే నల్ల బోర్డు మీద సుద్దముక్కతో, బుద్ధి లేకో బుద్ధి ఉండో, ఉన్నదున్నట్టు రాశా: "నిన్నటి చేపల పులుసు ఉంది."

ఊరంతా నిన్నటి కూరని దాచిపెట్టి అమ్మే కాలంలో నేను బోర్డు కట్టి అమ్ముతున్నా. దారినపోయేవాళ్లు బండ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. చేపల పులుసు రెండో రోజే రుచి అని నెల్లూరోడికి ఒకరు చెప్పాలా? మధ్యాహ్నం ఒంటిగంటకల్లా దాక అడుగు కనపడింది. ఇప్పుడు ఇవాళ్టి పులుసు అడిగేవాళ్లే లేరు, నిన్నటిది అయిపోయిందంటే అలుగుతున్నారు. ప్లేటు 140, రూపాయి తగ్గించలేదు.

బావమరిది మళ్లీ లాప్‌టాప్ తెరిచాడు. "నిన్నటి పులుసు క్లిక్కయింది గదా బావా, మొన్నటి పులుసు అని పెడదామా?" అన్నాడు. పెద్దమ్మని పిలిచా. వాడు లేచి వెళ్లిపోయాడు.

మీరు ఎప్పుడైనా ఇటువైపు వస్తే భోజనానికి రండి. నోటు అక్కర్లేదు, ఫోన్‌పే ఉంది. కళ్లద్దాల పెట్టె పెద్దాయన మీకెక్కడైనా కనపడితే, వాళ్ల నాయన ఇచ్చిన నోటు విడిగా కవర్లో పెట్టి ఉంచానని చెప్పండి. మా అడ్రసు ఆయనకి దొరకడం తేలికే.

ఇట్లు,
హోటలు యజమాని,
హెల్మెట్ల షాపు పక్కన,
పొదలకూరు రోడ్డు, నెల్లూరు.