ఎయిర్‌లైన్ సైట్లో రిపోర్టు వెతికితే ఏం దొరుకుతుంది?

మా బావమరిది వచ్చే నెల డల్లాస్ వెళ్తున్నాడు. వారం నుంచి ఒకటే టెన్షన్. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్. "బావా, ఇంజిన్ వల్ల ఎన్ని ప్రమాదాలు జరిగాయో ఎయిర్‌లైన్ వాళ్ల సైట్లో రిపోర్టు ఎక్కడుంటుంది? గంట నుంచి వెతుకుతున్నా."

"మీ అక్కని నాకిచ్చేటప్పుడు మీ నాన్న నా గురించి మా ఇంట్లోనే అడిగాడా, వీధిలో వాకబు చేశాడా?" అన్నాను.

ఎయిర్‌లైన్ దగ్గర దొరికేది పత్రికా ప్రకటన. "ప్రయాణికుల భద్రతే మాకు ముఖ్యం" అని నాలుగు ముక్కలు. అసలు రిపోర్టు రాసేది ప్రభుత్వ దర్యాప్తు సంస్థ. అమెరికాలో ఎన్‌టీఎస్‌బీ, బ్రిటన్‌లో ఏఏఐబీ, ఆస్ట్రేలియాలో ఏటీఎస్‌బీ. మన దేశంలోనూ 2012 నుంచి ఏఏఐబీ ఉంది. పైసా కట్టక్కర్లేదు, ఎవరైనా దించుకోవచ్చు. ఎయిర్‌లైన్ పేరుతో కాకుండా బండి నంబరుతో, అంటే విమానం రిజిస్ట్రేషన్‌తో వెతికితే త్వరగా దొరుకుతుంది.

ఇక "ఇంజిన్ ప్రమాదాలు" అని విడిగా ఏరడం అంత సులువు కాదు. దర్యాప్తు వాళ్ల వర్గీకరణలో ఇంజిన్ దానంతటది చెడితే ఒక కోడ్, పక్షి దూరి చెడితే ఇంకో కోడ్. అసలు "ఇంజిన్ ఫెయిల్" అన్న మాటే నాకు పడదు. అక్కడితో కథ అయిపోయినట్టు చెప్తారు. కథ మొదలయ్యేదే అక్కడ.

1989 జనవరి 8. హీత్రూ నుంచి బెల్‌ఫాస్ట్‌కి వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌లాండ్ వాళ్ల బోయింగ్ 737-400 విమానం. ఎడమ ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడ్ ఒకటి విరిగింది. విమానం వణికింది, కాక్‌పిట్‌లోకి పొగ వాసన వచ్చింది. ఏ ఇంజిన్ అని కెప్టెన్ అడిగితే, కో-పైలట్ ఎడమ అనబోయి, మధ్యలో ఆగి, కుడిది అన్నాడు. బాగున్న కుడి ఇంజిన్ ఆపేశారు. ఖర్మ ఏమిటంటే, దాని థ్రాటిల్, అంటే ఇంజిన్ జోరు, తగ్గించగానే వణుకూ తగ్గింది, పొగా తగ్గింది. సరైన పనే చేశాం అనుకున్నారు. కెప్టెన్ మైకులో "కుడి ఇంజిన్‌లో సమస్య వచ్చింది, ఆపేశాం" అని చెప్పాడు. వెనక కూర్చున్నవాళ్లలో కొందరు ఎడమ ఇంజిన్ నుంచి నిప్పురవ్వలు రావడం కళ్లారా చూశారు. కుడి అంటున్నాడేమిటి అనుకున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయన పైలట్ కదా, మనకేం తెలుసు! రన్‌వే ఇంకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఉందనగా ఆ దెబ్బతిన్న ఇంజిన్ కూడా చేతులెత్తేసింది. విమానం కెగ్‌వర్త్ ఊరి పక్కన హైవే గట్టుకి గుద్దుకుంది. 126 మందిలో 47 మంది పోయారు. ఇది ఇంజిన్ ప్రమాదమా, మనుషుల ప్రమాదమా? రిపోర్టు చదవనివాడు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

అదే ఏడాది జులైలో అమెరికాలో సూ సిటీ ప్రమాదం. డీసీ-10 విమానం తోక ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్క్, అంటే ఫ్యాన్ బ్లేడ్లని పట్టి ఉంచే చక్రం, పగిలిపోయింది. ఆ డిస్క్ ముక్క మూడు నెలల తర్వాత మొక్కజొన్న కోతల్లో పొలంలో దొరికింది. పగులు మూలం ఎప్పుడో 1971లో డిస్క్ తయారైనప్పుడే టైటానియంలో ఉండిపోయిన లోపం. తనిఖీల్లో ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు అహ్మదాబాద్ సంగతి. 2025 జూన్ 12న ఎయిర్ ఇండియా విమానం కూలింది, నెలకి 15 పేజీల ప్రాథమిక రిపోర్టు. రెండు ఇంజిన్ల ఫ్యూయల్ స్విచ్‌లు సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆగిపోయే వైపుకి, మారాయని అందులో ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే, నేను ఆపలేదని రెండో ఆయన అన్నట్టూ ఉంది. ఎవరు అడిగారో, ఎవరు జవాబిచ్చారో అందులో చెప్పలేదు. కానీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రానికే దోషి ఎవరో తేలిపోయింది. 15 పేజీలే కదయ్యా, సినిమా రివ్యూలు అంతకంటే ఎక్కువ చదువుతారు! ఈ దర్యాప్తులు తప్పు ఎవరి నెత్తిన వేయాలా అని చేసేవి కావు, మళ్లీ జరగకుండా చూడటానికి చేసేవి. అంతర్జాతీయ నిబంధనల్లోనే అలా రాసుంది.

బావమరిదికి కెగ్‌వర్త్ రిపోర్టు పంపాను. నిన్న ఫోన్ చేశాడు. "రెక్క పక్క కిటికీ సీటు బుక్ చేశా బావా. మంట ఏ వైపు కనపడితే ఆ వైపని నేనే అరిచి చెప్తా."