స్టడీ టేబుల్ గారికి బదిలీ ఉత్తర్వు

మహారాజశ్రీ స్టడీ టేబుల్ గారికి,

ఉభయకుశలోపరి. మేమిక్కడ హాల్లో, ఉక్కపోతలో క్షేమం. తమరు పిల్లల గదిలో ఏసీ కింద, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు నిలువెల్లా కప్పుకుని మాకంటే క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాం.

తమరిని ఏ పని మీద ఈ ఇంట్లో నియమించామో ఒకసారి గుర్తు చేయాలి. పాప నాలుగో తరగతి. హోంవర్క్ చేసుకోవడానికి, పుస్తకాలు పెట్టుకోవడానికి, ఏకాగ్రత కుదరడానికి. ఆఖరిది మా ఆయన చేర్చిన అంశం. ఫోన్లో తమరి ఫొటో చూపించి, "ఇలాంటిది ఒకటుంటే చదువు దానంతటదే వచ్చేస్తుందే" అన్నారు. ఫొటోలో ఒక పిల్ల తమరి ముందు కూచుని నవ్వుతూ లెక్కలు చేస్తోంది. లెక్కలు చేస్తూ నవ్వే పిల్లని పాలకొల్లు మొత్తం మీద నేనింతవరకూ చూడలేదు. సరే, తమరు అట్టపెట్టెలో ముక్కలుగా దిగారు. ఆయనే కూచుని బిగించారు. చివరికి ఒక స్క్రూ మిగిలింది. అది తమరి ఒంట్లో ఎక్కడ ఉండాల్సిందో గానీ, ఆ రోజు నుంచీ ఒక కాలు మీద ఊగుతున్నారు.

ఇక తమరి పనితీరు. పైన బట్టలు. వాటి కింద మిక్సీ వచ్చిన డబ్బా, వారంటీ ఉన్నన్నాళ్ళూ పారేయకూడదట. పక్కన అయిపోయిన పెళ్ళిళ్ళ శుభలేఖలు. పెన్నుల కోసం ఇచ్చిన గుంటలో మా మామగారి బీపీ మాత్రలు. డ్రాయరులో ఎవరో ఆత్రేయపురం పూతరేకులు దాచుకుని మరిచిపోయారు, చీమలు మరిచిపోలేదు. నిజం చెప్పాలంటే ఈ ఇంట్లో తమరి దగ్గర క్రమం తప్పకుండా పని చేసుకున్నవి అవే.

పాప ఎక్కడ చదువుతోందో తమరికి తెలిసే అవకాశం లేదు కాబట్టి నేనే చెబుతాను. సాయంత్రం వెలుగుంటే వీధి అరుగు మీద. ఆ తర్వాత హాల్లో నేల మీద బోర్లా పడుకుని. నేను పోపు పెడుతుంటే వంటింటి గుమ్మంలో గడపకి ఆనుకుని. తమరి దగ్గరికి వెళ్ళమంటే వెళ్తుంది, కూచుంటుంది, దాహం వేస్తుంది, వచ్చేస్తుంది. ఇందులో పిల్ల తప్పేం లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల పదమూడో ఎక్కం చదవడం ఒక పనైతే, ఎవరికైనా అప్పజెప్పడం రెండో పని. తమరికి అప్పజెబితే తమరు "ఊఁ" అనరు. "పదమూడు ఏడులు తొంభై ఒకటి" దగ్గర తడబడితే గరిటె ఆపి వెనక్కి చూసే మనిషి కావాలి. ఆ మనిషి వంటింట్లో ఉంది. తలుపేసిన గదిలో ఏకాగ్రత కుదురుతుందన్నది పోటీ పరీక్షలకి చదివే పెద్ద పిల్లల సంగతి. దాన్ని నాలుగో తరగతికి దించేసి, గదికి తలుపేసి, "చదువుకుంటోంది" అని బయట మనం గుసగుసలాడుకుంటే, లోపల పిల్ల రబ్బరుని ముక్కలు చేసుకుంటూ ఉంటుంది.

తమరి ఎత్తు గురించి కూడా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. తమరు 75 సెంటీమీటర్లు. అది బ్యాంకు మేనేజరు కూచునే ఎత్తు. 130 సెంటీమీటర్లున్న పిల్లకి బల్ల 60 దగ్గర, కుర్చీ 35 దగ్గర ఉంటే మోచేతులు బల్ల మీద నిదానంగా ఆనతాయి, పాదాలు నేలకి తాకుతాయి. తమరి ముందు కూచుంటే మా పాప భుజాలు చెవుల దాకా లేస్తాయి, గడ్డం పుస్తకం మీదకొస్తుంది, కాళ్ళు గాల్లో ఊగుతాయి. కాళ్ళు ఊగే పిల్ల మనసు కూడా కుదురుగా ఉండదు కదా.

తమరి కాళ్ళు కోయిద్దామని వడ్రంగి ఆచారి గారిని పిలిచాను. ఆయన తమరిని వేలితో కొట్టి చూసి, "అమ్మగారూ, ఇది చెక్క కాదండి. రంపప్పొట్టుకి జిగురు కలిపి అచ్చేశారండి. రంపం పెడితే అంచులు రాలిపోద్దండి, ఆయ్" అన్నారు. తమరి వంశం సంగతి ఆ రోజే బయటపడింది. తడిగుడ్డ తగిలితే తమరికెందుకు కోపమో కూడా అప్పుడే అర్థమైంది.

మా ఆడపడుచు వాళ్ళది లంక గ్రామం. వాళ్ళింట్లోనూ తమరి బంధువు ఒకరుండేవారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పుస్తకాలు అటకెక్కాయి, బియ్యం బస్తాలు మంచాలెక్కాయి, ఆయన మాత్రం హోదాకి తగ్గట్టు నేల మీదే నిలబడ్డారు. నీళ్ళు తీశాక చూస్తే కాళ్ళు నాలుగూ బూరెల్లా పొంగాయి. అదే గదిలో ఉన్న పాత మద్దిచెక్క బల్లని కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ లోపల వేసుకున్నారు. గోదావరి పక్కన కాపురముంటూ తేమని ఓర్చుకోలేని సామాను కొనమని మాకెవరు చెప్పారో!

వెలుతురు గొడవ ఇంకా ఉంది. సిద్ధాంతి గారు చదువుకునే పిల్లలు తూర్పు ముఖంగా కూచోవాలన్నారు. గదికి ఉన్న ఒక్క కిటికీ ఉత్తరాన. తూర్పుకి తిరిగితే వెలుతురు ఎడమ పక్క నుంచి వస్తుంది. కుడిచేత్తో రాసేవాళ్ళకి అది చక్కటి ఏర్పాటు, రాసే చేతి నీడ అక్షరం మీద పడదు. ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ సూటిగా కొట్టదు కూడా. సిద్ధాంతి గారి మీద నాకు గౌరవం పెరిగింది. చిక్కల్లా ఏమిటంటే, మా పాపది ఎడమచేతి వాటం. తూర్పుకి తిరిగి రాస్తే తన చేతి నీడలోనే తను రాసుకోవాలి. పడమరకి తిప్పితే కిటికీ కుడి పక్కకి వస్తుంది, అంతా సుఖం. ఆ మాట అన్నందుకు మా అత్తయ్యగారు, "పడమర ముఖం పెడితే చదువు అస్తమించదటే!" అన్నారు. అన్నం కుడిచేత్తో తినిపించడంలో నెగ్గిన మనిషి, రాతని ఎడమచేతికి వదిలేశారు. ఆ పుణ్యం తలుచుకుని నేను నోరు మూసుకున్నాను.

రాత్రి సంగతి ఇంకా అధ్వాన్నం. ట్యూబ్‌లైట్ వెనక గోడకి ఉంది, పిల్ల తలకాయ నీడ సరిగ్గా నోట్సు మీద పడుతుంది. పోనీ పైన లైటు వేద్దామంటే, దాని కిందే తిరిగే ఫ్యాను రెక్కల నీడలు పేజీ మీద కదుల్తాయి. ఫ్యాను ఆపితే చెమట, వేస్తే కాగితాలు ఎగురుతాయి. కరెంటు పోయిందా, ఇంక తమరి దర్బారు బందు. ఎందుకంటే ఇల్లు కట్టినప్పుడు ఇన్వర్టర్ కనెక్షన్ హాల్లో ఒక లైటుకీ ఒక ఫ్యానుకీ మాత్రమే ఇచ్చారు. ఈ ఇంట్లో చదువు ఎక్కడ జరగాలో ఎలక్ట్రీషియన్ అప్పుడే తేల్చేశాడన్నమాట.

మా పుట్టింట్లో చదువుకి గది లేదు. కోనసీమలో పెంకుటిల్లు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారా. పగలు ఎటు తిరిగి కూచున్నా వెలుతురే. తాతయ్యగారిది నేల మీద పెట్టుకునే డెస్కు ఒకటుండేది, మూత తీస్తే లోపల దస్తావేజులు. మఠం వేసుకుని కూచుంటే మోచేతి ఎత్తుకి వచ్చేది. పైభాగం వాలుగా ఉండటంతో పుస్తకమే కళ్ళ దగ్గరికి లేచేది, మెడ వంచాల్సిన పని ఉండేది కాదు. ఆ రోజులే బాగున్నాయని నేననను. చీకటి పడ్డాక లాంతరు పొగకి కళ్ళు మండేవి, దోమలు కాళ్ళని తినేసేవి, చదువు తక్కువ, గోక్కోవడం ఎక్కువ. కానీ ఆ డెస్కు చేసిన వడ్రంగికి మనిషి మెడ ఎక్కడుంటుందో తెలుసు.

తమరు లేనిదే చదువు లేదనే ప్రచారానికి ఊతం ఎక్కడిదంటే, సంచీ నిండా వచ్చే హోంవర్క్. కేంద్ర ప్రభుత్వం 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. రెండో తరగతి దాకా అసలు హోంవర్క్ వద్దంది. మూడు నుంచి ఐదు తరగతులకి వారానికి రెండు గంటలకి మించొద్దంది. వారానికి! మా పాపకి మంగళవారం రాత్రికే ఆ కోటా అయిపోతుంది. బుధవారం నుంచి ఆదివారం దాకా చేసేదంతా అదనపు డ్యూటీ, జీతం లేదు.

పైగా బడి నుంచి రాగానే తమరి ముందు కూలబడితే కళ్ళకేమీ మేలు లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచి, మూడేళ్ళ తర్వాత చూస్తే, మామూలుగా బడికెళ్ళిన పిల్లల కంటే వాళ్ళలో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరానివి మసగ్గా కనిపించడం, వచ్చినవాళ్ళు తక్కువ. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. కాబట్టి ముందు ఆట, తర్వాత అరుగు, ఆ తర్వాతే తమరు. ఈ వరసకి మా ఆయన ఒప్పుకున్నారు. ఆ టైములో ఆయన ఫోన్లో రొయ్యల రేటు చూసుకుంటున్నారు, అది వేరే విషయం.

పై కారణాల వల్ల తమరిని పిల్లల గది నుంచి హాల్లో ఉత్తరపు కిటికీ పక్కకి, వంటింటి గుమ్మానికి ఎదురుగా బదిలీ చేయడమైనది. ముఖం పడమరకే. అత్తయ్యగారికి "వినాయకుడి పటం ఎదురుగా పెడుతున్నాం" అని చెప్పాను, ఆవిడ ఆలోచిస్తున్నారు. తమరి ఎత్తు తగ్గించలేం కాబట్టి పిల్లనే పెంచుతున్నాం. కుర్చీ మీద రెండున్నర అంగుళాల మెత్త, కాళ్ళ కింద ఆరంగుళాల పీట. పీట మా పుట్టింటిది, అసలు చెక్క, కాస్త మర్యాదగా ఉండండి. రాత్రికి కుడి పక్క ఒక క్లిప్ లైటు, దాంతోపాటు గది లైటు కూడా వేసే ఉంచుతాం. తమరి మీద ఒక పుస్తకం, ఒక నోట్సు, పెన్సిల్ డబ్బా తప్ప ఏ వస్తువూ నిలవరాదు. బీపీ మాత్రలకి మామగారు వేరే చోటు చూసుకుంటామన్నారు. బట్టల సంగతి మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.

బదిలీకి ఒకే ఒక్క అడ్డంకి. కొత్త స్థానానికి సరిగ్గా ఎదురుగా టీవీ గారున్నారు. ఏడున్నరకి సీరియల్. ఆయనకి నేను విడిగా రాసుకోవాలి, కానీ ఆయన పలుకుబడి తమరిలాంటిది కాదు, నేరుగా అత్తయ్యగారి మనిషి. అంచేత ఏడున్నర లోపల హోంవర్క్ ముగించడం, మిగిలితే మర్నాడు పొద్దున్నే చేయడం అని తాత్కాలికంగా ఒప్పందం రాసుకున్నాం. అత్తయ్యగారు సంతకం పెట్టారు, ఆదివారం మధ్యాహ్నం సినిమాకి ఇది వర్తించదని కింద చేతిరాతతో చేర్చి మరీ.

ఇట్లు,
ఇంటి ఇల్లాలు